కుడిపక్క సీటు

తిప్పన్న కారులో తిప్పన్న ఎడమపక్క కూర్చుంటాడు. స్టీరింగు అక్కడే ఉంది కాబట్టి కూర్చుంటాడు, అందులో అతని గొప్పేమీ లేదు. కుడిపక్క కూర్చునేది భార్య సంజీవమ్మ. మన రోడ్ల మీద ముందు పోతున్న లారీని దాటాలంటే కుడివైపు నుంచి దాటాలి. ఎడమపక్క కూర్చున్నవాడికి ఆ లారీ వెనక తలుపూ, దాని మీద ఎవడో పెయింటరు రాసిన 'హారన్ కొట్టండి' అన్న ముక్కా తప్ప ఇంకేమీ కనపడదు. ఎదురుగా ఏమొస్తోందో కుడిపక్క మనిషే తొంగి చూసి చెప్పాలి. "పో" అంటే పోవాలి. "ఉండు" అంటే ఉండాలి. ఆ రెండు మాటల మీద ఆ ఆలుమగలు ముప్పై ఏళ్లకు పైగా బతికి బట్టకట్టారు.

అలాంటి మనిషికి కళ్లు కనపడటం లేదేమోనని తిప్పన్నకు అనుమానం వచ్చింది.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతం దసరా తర్వాత ఎప్పుడో పట్టుకుంది. ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి ఊరికి వస్తూ ఆర్టీసీ బస్సు వెనక చిక్కారు. సంజీవమ్మ "ఉండు" అంది. కొంతదూరం పోయాక మళ్లీ "ఉండు" అంది. అలా ఉండి ఉండి బస్సు స్టాపు దగ్గర పక్కకు తప్పుకునేసరికి ముందు రోడ్డు ఊడ్చిన వాకిలిలా ఉంది. చీమ కూడా లేదు. వయసు మీద పడింది, భయం పుట్టినట్టుంది అనుకున్నాడు తిప్పన్న. నవ్వుకున్నాడు కూడా.

ఆ తర్వాత నవ్వు రాలేదు. ఇంట్లో ఆమె బియ్యంలో రాళ్లు చూసి ఏరటం మానేసి వేళ్లతో తడిమి ఏరుతోంది. దీపంలో నూనె పోస్తే గట్టు మీద పడుతోంది. ఇవన్నీ సరే, ముసలితనం అనుకోవచ్చు. ఒకనాటి సాయంత్రం మందలు కలిసిపోతే పక్కింటి పొట్టేలును "మా బొల్లిదే, ఇట్ల తోలు" అంది. తిప్పన్న అప్పుడు నీళ్ల తొట్టి దగ్గర ఉన్నాడు. చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆమె. మూడు మందలు కలిసినా తన గొర్రెను చెవి చూసి, నడక చూసి పిలిచేది. బొల్లిది కాని దాన్ని బొల్లిది అనటమంటే మామూలు సంగతి కాదు.

అడిగేస్తే పోయేది కదా అని మీరనవచ్చు. నేనూ అదే అంటాను. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని "మేయ్, నీకు కండ్లు కనపడతాండాయా ల్యా?" అని అడగటానికి ఏం రోగం? కానీ తిప్పన్న అడగలేదు. ఎందుకంటే సంజీవమ్మ తల్లికి కూడా చివర్లో చూపు పోయింది. ఆమెను వసారాలో మంచం మీద కూర్చోబెట్టి, పొద్దున ఎండ వస్తే నీడకు, మధ్యాహ్నం నీడ జరిగితే ఇంకో నీడకు జరిపేవాళ్లు. పని చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. "కండ్లు పోతే మనిషిని సామాను మాదిరి జరుపుతారు మామా" అని సంజీవమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ మాట తిప్పన్నకు గుర్తుంది. ఆమెకు ఇంకా బాగా గుర్తుండి ఉంటుంది. అందుకే ఆమె చెప్పలేదు, అతడు అడగలేదు. ఇద్దరూ ఆ బండెక్కి రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నారు.

బండి సంగతి చెప్పాలి.

తిప్పన్నది జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ మధ్య ఒక చిన్న ఊరు. గొర్రెల కాపరుల ఇల్లు. కరువు మీద కరువు వచ్చి మేత కరువైన కాలంలో, ఈ జిల్లావాళ్లు ఎందరో పోయినట్టే అతడూ కువైట్ పోయాడు. పోయి ఏం చేశాడంటే అక్కడ కూడా గొర్రెలే కాశాడు. ఇక్కడ మేతకు వెతికితే అక్కడ నీడకు వెతికేవాడు, అంతే తేడా. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా దాని డ్రైవరును బతిమాలి డ్రైవింగు నేర్చుకున్నాడు.

యజమాని కొడుక్కి బండ్ల పిచ్చి. ఒకే పేరున్న కారు, ఎప్పటికప్పుడు కొత్త రూపంలో రావటం, రాగానే పాతది అతనికి చేదు కావటం. మొదట కొన్నది నారింజ రంగుది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, వీపు వంచి కూర్చున్నట్టు వెనక్కి ఏటవాలుగా దిగే అద్దం, దాని మీద కిటికీ చెక్కల్లాంటి పట్టీలు. రెండేళ్లకే కొత్తది వచ్చిందని దీన్ని తెచ్చి గొర్రెల దొడ్డి పక్కన పారేశాడు. ఆ ఎండకు తట్టుకోలేక ఒక గొర్రె తెరిచిన తలుపులోంచి దూరి వెనక సీటులో ఈనింది. తిప్పన్న ఆ పిల్లను తీసి, సీటు కడిగి, చక్రాల చుట్టూ చేరిన ఇసుక తోడి, ట్యాంకరు డ్రైవరు సాయంతో ఇంజను పలికించాడు. పలికిన రోజున యజమాని వచ్చి చూశాడు. ముసలాయన మంచివాడు. తిప్పన్న తిరిగి వచ్చే ఏడు, "నువ్వు బతికించావు, నువ్వే తీసుకుపో" అన్నాడు.

ఇచ్చిన ఆవుకు పళ్లు చూడకూడదంటారు గాని, ఇక్కడికి తెచ్చుకోవటానికి పన్నులకూ ఓడకూ కలిపి తిప్పన్న తిన్న తిప్పలు చూస్తే ఎవరైనా పళ్లు చూసి వదిలేసేవారు. అతడు వదల్లేదు. మద్రాసు రేవులో బండి దిగేరోజుకు పెళ్లాన్ని వెంటబెట్టుకుపోయాడు. కొత్త బండికి ఇంటి ఇల్లాలి చేత హారతి ఇప్పించాలని అతని తల్లి పట్టు పట్టింది. సంజీవమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం తిప్పి, డ్రైవరు పక్క సీటు అనుకుని ఎడమ తలుపు తీసింది. అక్కడ స్టీరింగు ఉంది.

"ఇదేంది మామా, తిరకాసు బండి?"

"ఆ దేశంలో అట్లనే. నువ్వు ఈపక్క కూకో."

రేణిగుంట దాటాక ముందు నిదానంగా పోయే లారీ ఒకటి తగిలింది. ఎదురుగా ఏమొస్తోందో కనపడకపోయినా, దాటుదామని తిప్పన్న బండిని కుడికి తీశాడు. "ఉండు!" అని సంజీవమ్మ వేసిన కేక ఈ రోజుకీ అతని చెవిలో ఉంది. స్టీరింగు వెనక్కి కొట్టిన క్షణంలో ఎదురుగా వచ్చిన ఇంకో లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఇద్దరూ రోడ్డు పక్కన దిగి వేపచెట్టు కింద కూర్చున్నారు. తిప్పన్నే ముందు నోరు తెరిచాడు.

"ఇంగ మీదట నువ్వు జూసి జెప్పు. నువ్వు జెప్తే పోతా, ల్యాకుంటే పోను."

"దావలో నాకు నిద్దరొస్తే?"

"నీకు నిద్దరొస్తే ఇద్దరమూ నిద్దరపోతాం."

అందుకే సంజీవమ్మ ఆ సీటులో ఏనాడూ కునుకు తీయలేదు. పిల్ల కడుపులో ఉన్నప్పుడు కూడా తీయలేదు. ఒంట్లో జ్వరం పెట్టుకుని కడప ఆస్పత్రికి పోతూ కూడా "పో", "ఉండు" అని చెబుతూనే పోయింది. రోగిని అడిగి బండి నడిపిన మొగుడు ఈ జిల్లాలో తిప్పన్న ఒక్కడే అయి ఉంటాడు.

బండి పేరు సెలికా. ఊళ్లో ఎవరికీ నోరు తిరగక సిలక బండి అన్నారు. అది ఊళ్లోకి వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్ల ఇళ్లలో పెళ్లయితే పెళ్లికొడుకు ఊరేగింపుకు అదే కావాలి. పెళ్లికొడుకు ముందు సీటు మడిచి వెనక్కి దూరేసరికి తలపాగా ఊడేది, దిగేసరికి పంచె. వెనక కూర్చున్నవాడికి తలుపు లేదు కదా. అందుకే పగలూ ప్రతీకారాలూ ఉన్న పెద్ద కుటుంబాల వాళ్లు దాన్ని మెచ్చుకునేవాళ్లే గాని, ఎక్కమంటే "మాకొద్దప్పా, దిగేకి దావ ల్యా" అని తప్పుకునేవాళ్లు. ఒక ఎన్నికల్లో దాని నెత్తిన మైకులు కట్టారు. ఒక కరువులో దాని వెనక సీటు తీసేసి గొర్రెపిల్లలకు మేత మోశారు. నారింజ రంగు ఇటుక రంగయింది, ఇటుక రంగు మట్టి రంగయింది. ఏసీ పోయింది. క్లచ్ ప్లేటు మినీ వ్యాన్‌ది వేశారు. ప్రొద్దుటూరు మెకానిక్ మహబూబ్ బాషా చేతి చలవ వల్ల ఇంజను మాత్రం పుట్టినప్పటిదే.

ఆ మహబూబ్ బాషా ఏటా ఒకే పాట పాడేవాడు. "మామా, స్టీరింగు కుడికి మారుస్తా. కోసి, అతికి, పక్కాగా చేస్తా. ఎన్నాండ్లని ఆయమ్మను కావలి పెడతావు?"

"అట్లయితే ఆయమ్మకు పనేముంటాది?" అనేవాడు తిప్పన్న. అది తమాషాకు అన్నట్టే ఉండేది. నిజానికి అతనికి ఆ ఒక్క విషయంలో తమాషా లేదు. బండిని ఎవరైనా ఒక్క మాట అంటే కూడా ఊరుకునేవాడు కాదు. "దానికేమీ కాదు, నీకే నడపడం రాదు" అనేవాడు.

సంక్రాంతి పోయాక పులివెందుల నుంచి వివేక్ అనే కుర్రాడు వచ్చాడు. పాత కార్లంటే ప్రాణం. ఎవరో ఫోనులో చూపించిన ఫొటో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, బండి చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. తర్వాత అరుగు మీద కూర్చుని దాని వంశమంతా చెప్పాడు. తిప్పన్నకు తెలిసింది తన బండి ఒక్కటే. వంశం ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

"తాతా, పంతొమ్మిదివందల డెబ్బైలో జపాన్లో పుట్టింది ఇది. పరుగుబండి కావాలని ఆశ ఉండి, అంత స్తోమత లేని మామూలోళ్ల కోసం చేసిరి. కూపే అంటారు దీన్ని. నీది మొదటి తరంలోది. ఈ ఏటవాలు వీపు డెబ్బై మూడులో వచ్చె. డెబ్బై ఏడులో రెండో తరం. ఎనభై ఒకటిలో మూడోది, అంతా మూలలు మూలలుగా ఉండె. దాంట్లోనే లోపలికి ముడుచుకునే లైట్లొచ్చె."

"అది సూసినా," అన్నాడు తిప్పన్న. "యజమాని కొడుకు కొన్యాడు. కండ్లు తెర్సి మూస్తాన్నట్ల ఉండె."

"ఎనభై ఐదులో అసలు మలుపు తాతా. అంతవరకు ఇంజను బలం ఎనక చక్రాలకు పోతాండె. ఆ తరం నుంచి ముందర చక్రాలకు ఇచ్చిరి. ఎనక నుంచి నెట్టేది పోయి ముందర నుంచి లాగేదైంది. నీ మాదిరోళ్లకు అది నచ్చల్యా. ఆడికీ ఇంకా మూడు తరాలు వచ్చె. మొత్తం ఏడు. రెండువేల ఆరులో చేసేది నిలిపేసిరి."

"నిలిపేసిరా?" అంది సంజీవమ్మ గడప దగ్గర నుంచి. "ఏమిటికి?"

"కొనేటోళ్లు తగ్గిరి అవ్వా. రెండు తలుపుల బండి ఎవురికి కావల్ల ఇప్పుడు?"

ఆమె "అయితే మన్ది ఎనక నుంచి నెట్టేదే" అని లోపలికి పోయింది.

వివేక్ అడిగింది ఒక్కటే. వచ్చే ఆదివారం పులివెందుల కాలేజీ మైదానంలో పాత బండ్ల పండగ. పదకొండుకల్లా సిలక బండి అక్కడ ఉండాలి. లారీ మీద ఎక్కించుకుపోతానన్నాడు. "నడిచే బండిని మోసేదేంది?" అని తిప్పన్న పౌరుషానికి పోయాడు. అన్న మరుక్షణం దారి గుర్తొచ్చింది. పులివెందుల అంటే జమ్మలమడుగు దాటి, కొండ మలుపులెక్కి, ముద్దనూరు మీదుగా పోవాలి. ఆ దారంతా సిమెంటు లారీలే. సంజీవమ్మ వైపు చూశాడు. ఆమె కూడా అతని వైపే చూస్తోంది. చూస్తోందా, ఆ వైపు మొహం పెట్టిందా అన్నది అతనికి తెలియలేదు.

ఆదివారం పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని, చక్రాలకు నిమ్మకాయలు పెట్టి, బండెక్కింది. తలుపు పట్టీ కోసం చేయి గాలిలో రెండుసార్లు వెతికింది. తిప్పన్న చూడనట్టు ఇంజను తిప్పాడు.

జమ్మలమడుగులో టీ తాగటానికి ఆపాడు. నిజానికి టీ కోసం కాదు. కొండ ఎక్కేలోపు తేల్చుకోవాలని ఆపాడు. ఎదురు గోడ మీద పెద్ద పోస్టరు ఉంది.

"ఆ పోస్టరులో ఎవురుండేది మేయ్?"

"ఎవురో నాయకుడు. ఆ గోడకు ఇంగెవురుంటారు?" అంది ఆమె టీ ఊదుకుంటూ.

అక్కడ ఉన్నది నాయకుడే. కానీ ఆ సమాధానానికి కళ్లక్కర్లేదు, ఈ జిల్లాలో పుట్టి ఉంటే చాలు. తిప్పన్నకు ఇంకా దిగులెక్కువైంది. అప్పుడు చేయకూడని పని చేశాడు. రోడ్డుకు అటువైపు ఎవరూ లేరు. మూసిన అంగడి ముందు ఖాళీ అరుగు మాత్రం ఉంది. ఆ అరుగు వైపు చేయి చూపించాడు.

"ఆడ నిలబడింది మౌలాలి కాదూ? మన ఊరోడు?"

సంజీవమ్మ అటు తిరిగింది. కళ్లు చిట్లించింది.

"ఆ, మౌలాలినే," అంది. "సన్నగయినాడు పాపం."

తిప్పన్న గ్లాసును బల్ల మీద టక్కున పెట్టేశాడు. టీకొట్టతనికి డబ్బులిచ్చి, చిల్లర తీసుకోకుండా వచ్చి సీటులో కూర్చున్నాడు. ఇంటికి తిరిగిపోదామందామా అనుకున్నాడు. ఏమని చెప్పాలి? గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు, ఆ మెల్లైనా ఉందో లేదో తేల్చుకున్నాడు గాని, తేల్చుకుని ఏం చేయాలో ఆలోచించుకోలేదు. ఆమె పూలు సర్దుకుంది. బండి కదిలింది.

గండికోట కొండల దగ్గర దారి మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. మొదటి మలుపులోనే సిమెంటు లారీ ఒకటి ముందు పడింది. బరువు మీద ఉంది, నడిచే మనిషి వేగం కూడా లేదు. పొగంతా వీళ్ల మొహాన కొడుతోంది. తిప్పన్న దాని వెనకే పోతున్నాడు. ఎంతసేపైనా పోవటానికి సిద్ధపడ్డాడు. పదకొండు కాదు, పొద్దుగూకినా సరే. ఆమెను అడగకపోతే చాలు, ఆమె "ఉండు" అంటే చాలు.

ఆమె "ఉండు" అనలేదు. ఏమీ అనలేదు. ఇంజను మూలుగుతోంది. గడియారం చూసుకుని తిప్పన్న తెలియకుండానే ఒక నిట్టూర్పు విడిచాడు.

"పో," అంది సంజీవమ్మ.

తిప్పన్న కాలు ముప్పై ఏళ్ల అలవాటు మీద ఎక్సిలేటరు మీదికి పోయింది. చేయి స్టీరింగును కుడికి తిప్పటానికి బిగిసింది. అక్కడే ఆగిపోయాడు.

"పో అంటాండా కదా మామా! దావ సాఫుగా ఉంది. పో!"

అతడు పోలేదు. వాళ్ల కాపురంలో ఆమె పో అన్నాక అతడు పోకపోవటం అదే మొదటిసారి. కాలు ఎత్తేశాడు. బండి వెనకబడింది. లారీ మలుపు తిరుగుతుండగా పైనుంచి ప్రైవేటు బస్సొకటి హారన్ మోగించుకుంటూ దిగింది. వాళ్ల పక్కనుంచి అది పోతుంటే చిన్న బండి మొత్తం ఊగింది. పట్టీల అద్దం గలగలమంది.

బస్సు పోయింది. లారీ కూడా పైకి పోయింది. తిప్పన్న రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఇంజను ఆపాడు. చేతులు స్టీరింగు మీది నుంచి రావటం లేదు.

"గేరు పడల్యా," అన్నాడు.

సంజీవమ్మ అతని వైపు తిరిగింది.

"ఏం పడల్యా?"

"గేరు. రెండో గేరు పడల్యా. ముండబండి. పాతదైపాయ. అందుకే పోలేకపోతి."

ఎవరో పొలం గట్టు మీద నుంచి అరిచినా ఆ బండిని ఒక్క మాట పడనివ్వని మనిషి ఆ మాట అన్నాడు. సంజీవమ్మకు అంతా అర్థమైంది. అతడు బండినే తిట్టాడంటే తన కళ్ల సంగతి అతనికి ఎంత బాగా తెలిసి ఉండాలో ఆమె లెక్క వేసుకుంది.

"దాన్ని ఏమిటికి అంటావు మామా? దాని గేరు యానాడన్నా తప్పిందా?" అంది. "నాకు బస్సు కనపడల్యా. బస్సే కాదు, లారీ గూడా కనపడల్యా. మబ్బు మాదిరి ఏందో ఒగటి ముందర పోతాంది, అంతే."

"మల్ల పో అని ఎట్లంటివే?" అన్నాడు తిప్పన్న. "ఉండు అంటాంటివి గదా ఇన్నాళ్లు! కనపడకుంటే ఉండు అంటే అయిపాయ! సచ్చిపోతాంటిమి గదే ఇద్దరమూ!"

"ఉండు అనే అంటాంటి. దసర నుంచి అదే అంటాండా. కనపడకున్నా ఉండు అంటే ఏమీ కాదు, ఇల్లు చేరతాం. అది నాకు తెల్దా?" ఆమె కళ్లు తుడుచుకోలేదు. అవి కారుతూనే ఉన్నాయి. "టీ అంగడికాడ నువ్వు నన్ను పరీచ్చ జేసినావు. ఆడ మౌలాలి ల్యాడు. నేను ఆ అన్యాక నీ గ్లాసు టక్కుమన్నింది, నాకు ఇనపడింది. కండ్లే పోయినాయి, చెవులు కాదు. అంతలోకే లారీ ఎనక నువ్వు ఉసూరుమంటివి. ఇంగ అయిపాయ, గుడ్డిదాన్ని పక్కన కూకోబెట్టుకున్యానని అనుకుంటాండాడు, రేపు నన్నూ మా అమ్మ మాదిరి మంచమెక్కిచ్చి ఎండకూ నీడకూ జరుపుతాడు అనుకుంటి. ఒగ్గతూరి పో అని, నువ్వు పోతే, నాకు కనపడినట్లే గదా అనుకుంటి."

ఆమె తప్పు చెప్పిందనే ఇంతసేపూ అనుకున్నాడు తిప్పన్న. ఆ తప్పు తానే ఆమె నోటికి అందించాడని అప్పుడు తెలిసింది. నేరుగా అడిగి ఉంటే ఆమె ఏడ్చి ఉండేది, అంతే. లేని మనిషిని చూపించి అడిగాడు. పెళ్లాన్ని పట్టుకుని దొంగను ప్రశ్నించినట్టు ప్రశ్నించాడు.

"నాదే తప్పు," అన్నాడు. "నేను అడిగింటే అయిపోయుండు. నాకు బయమయ్యింది సంజీవా."

"నాకు మాత్రం కాల్యా?"

కొండ గాలి బండిలోకి వచ్చింది. కింద ఇంకో లారీ ఎక్కుతున్న చప్పుడు వినపడింది. సంజీవమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, ముందు అద్దం వైపు తిరిగి కూర్చుంది.

"ఆ పిల్లోడు ఎదురు జూస్తాంటాడు. నడుపు," అంది. "నేను ఇంగ ఏమీ చెప్పను."

పులివెందుల చేరేసరికి పన్నెండు దాటింది. దారిపొడుగునా ఏ బండి దొరికితే దాని వెనకే పోయారు. ముద్దనూరు తర్వాత అరగంట సేపు నీళ్ల డ్రమ్ములు వేసుకున్న ఆటో వెనక పోయారు. స్కూటర్లు దాటిపోతూ వాళ్లను చూసి నవ్వాయి. మైదానంలో మెరుగు పెట్టిన కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. వివేక్ పరుగెత్తుకొచ్చి, బండి ఎక్కడ చెడిపోయిందోనని భయపడ్డానన్నాడు. తర్వాత మైకు పట్టుకుని దాని ఏడు తరాల కథ మళ్లీ చెప్పి, జనం చుట్టూ చేరాక తిప్పన్న మూతి దగ్గర మైకు పెట్టాడు.

"తాతా, ఇది పరుగు కోసం పుట్టిన బండి. నీ చేతిలో ఎంత స్పీడు పోతాది?"

తిప్పన్న మైకునూ, జనాన్నీ చూశాడు. బండి తలుపు పట్టుకుని నిలబడిన భార్యను చూశాడు.

"ముందర లారీ ఎంత పోతే అంత," అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. సంజీవమ్మ నవ్వలేదు. చేత్తో తడుముకుంటూ వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

శాలువా కప్పించుకుని, భోజనం చేసి, తిరుగుదారి పట్టేసరికి ఎండ పల్చబడుతోంది. బండి ఎక్కేముందు ఆమె అంది.

"మహబూబ్ బాషాకు చెప్పు మామా. స్టీరింగు కుడికి మార్చమను. నువ్వే సూసుకుని నువ్వే పోవచ్చు."

"స్టీరింగు మార్చేది ల్యా," అన్నాడు తిప్పన్న. "ముందర నీ కండ్లు సూపిద్దాం. రేపే ప్రొద్దుటూరు కండ్ల ఆస్పత్రికి పోదాం. బస్సులో."

"బాగు కాకుంటే?"

పొరే అయితే తీసేస్తారు. ఆమె తల్లికి వచ్చిందే అయితే ఏం చేస్తారో అతనికి తెలియదు. ఆ భయం అలాగే ఉంది. "బాగు కాకున్నా ఆ సీటు నీదే," అని మాత్రం అన్నాడు.

కొండ దిగి జమ్మలమడుగు దాటాక శనగపొట్టు ట్రాక్టరొకటి ముందు పడింది. పొట్టు మోపు రోడ్డంత వెడల్పు కట్టారు. దాని అవతల ఏముందో దేవుడికి కూడా కనపడదు. అలవాటు కొద్దీ తిప్పన్న కుడిపక్కకు తల తిప్పాడు.

సంజీవమ్మ నిద్రపోతోంది. తల తలుపుకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఒళ్లో శాలువా పెట్టుకుని నిద్రపోతోంది. మద్రాసు రేవు నుంచి వచ్చిన రోజు మొదలు ఆ సీటులో ఆమె కళ్లు మూయటం అతడు చూడలేదు. హారన్ మీద పెట్టిన చేయి తీసేశాడు. వెనక వచ్చే బండ్లను దాటిపొమ్మని చేయి ఊపి, పొట్టు రాలుతున్న ఆ ట్రాక్టరు వెనకే ఊరిదాకా పోయాడు.